అతిథులున్నంతసేపు

పద్మినికి అన్నిటికన్నా ఎక్కువ భయం కూతురి నోరంటే. కాలవలో పడవ ఊగితే ఆమెకు భయం లేదు. గడ్డిలో పాములంటే కూడా అంత లేదు. సిరికి ఇంకా అయిదేళ్ళు నిండలేదు. కళ్ళకు కనిపించింది కనిపించినట్టు అనేస్తుంది. అతిథుల ముందు ఆ పిల్ల గంగాభవాని దగ్గరకు పరిగెత్తి "అమ్మమ్మా" అని ఒక్కసారి పిలిచిందంటే అంతా బయటపడిపోతుంది.

బయటపడేది నేరమేమీ కాదు. బర్మాలో, యాంగూన్ అవతల తన్లిన్ వంతెన దాటి, బస్సు దిగి, మట్టిరోడ్డు మీద ఇంకా చాలా దూరం పోయి, సాంపాన్ పడవలో కాలవ దాటితే వచ్చే పచ్చిక బయలులో ఆవులను మేపేది పద్మిని తల్లి గంగాభవాని. వెదురు ఇల్లు ఆమెది, ఆవుల సాల ఆమెది. నేల మాత్రం యాంగూన్‌లో ఒక కంపెనీది. వానలు వెళ్ళాక కంపెనీ మేనేజరు కో థెట్ వచ్చి, ఆ ఇంట్లో పట్నం జనాన్ని ఒకటి రెండు రోజులు ఉంచి, ఆవులను, పొగమంచును, కాలవను చూపిద్దామన్నాడు.

"ఈ చలికాలం వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే ఆవులు ఇక్కడే ఉంటాయి. లేకపోతే నేలను కంటైనర్లు పెట్టుకునేవాళ్ళకు ఇచ్చేస్తారు. ఇది పైవాళ్ళ మాట, నాది కాదు," అన్నాడు.

ఫోన్‌లో బుకింగులు చూసుకోవడానికి, అతిథులకు పక్కలు, తిండి అమర్చడానికి యాంగూన్‌లో, అహ్లోన్ పేటలో ఉంటున్న పద్మినిని పనిలో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "అరుగు మీద కూర్చుని పలకరించే ముఖం ఒకటి కావాలి. చూడగానే పల్లె ముఖం అనిపించాలి. ఫోటోలకు అదే ముఖ్యం," అన్నాడు. ఆ ముఖం ఎలా ఉండాలో అతను చెప్పలేదు. అతను మాట పూర్తి చేయకముందే, అది బర్మా ముఖమేననుకుని పద్మిని తల ఊపింది.

అలా కాలవ ఒడ్డున రొయ్యల వలలు బాగుచేసుకునే మ స్వే, ఆమె మొగుడు కో టూన్ ఆ ఇంటికి యజమానులయ్యారు. గంగాభవాని పనిమనిషి అయింది.

*

మొదటి అతిథులు రాబోతున్నారనగా పద్మిని కొత్త దోమతెరలు, దుప్పట్లు మూట కట్టుకుని కూతురితో వచ్చింది. గోడ మీది దుర్గమ్మ పటం తీసి గుడ్డలో చుట్టి తవుడు బస్తాల వెనక పెట్టింది. గడప మీద ఎండిన పసుపును తడిగుడ్డతో రుద్దింది. గౌరి నుదుటి మీది కుంకుమబొట్టునూ అదే గుడ్డతో తుడవబోతే ఆవు తల విదిలించి కొమ్ము ఆడించింది.

"దాన్నీ మార్చీస్తావేటి?" అంది గంగాభవాని గాబులో కుడితి కలుపుతూ. మోచేతుల దాకా తవుడు. "మార్చీ, మార్చీ. మొకానికి తనకా కూడా రాయి."

"నీకే రాయాల," అంది పద్మిని. బర్మా ఆడవాళ్ళు బుగ్గలకు పూసుకునే తనకా చెక్కను రాతి మీద అరగదీసి సిద్ధంగా పెట్టింది. "చేతులు కడుక్కుని ఇలా కూకో. ముక్కుపుడక తీసీయాల."

గంగాభవాని చేతులు కడుక్కుంది. పీట మీద కూర్చుని తల వెనక్కి వాల్చింది. ముక్కుపుడక చిన్నది, ఎర్రరాయి. ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉండిపోయి చర్మంలో ఒదిగిపోయింది. పద్మిని కొబ్బరినూనె చుక్క వేసి మర తిప్పబోయింది. అది కదల్లేదు.

"ఒలే, నా ముక్కు మీదేటి రాసుంది? నాను తెలుగుదాన్నని రాసుందేటి?"

"రాయక్కర్లేదమ్మా. చూస్తే తెలిసిపోతాది."

"తెలిస్తే?"

పద్మిని ముందుకు వంగి, తల్లి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. మళ్ళీ నూనె వేసింది. రెండు గోళ్ళ మధ్య మరను బిగించి తిప్పుతుంటే గంగాభవాని కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అవి ముక్కు నొప్పికి వచ్చే నీళ్ళే. అయినా పద్మిని వాటి వైపు చూడలేదు.

"మీ అయ్య పోయిన్నాడు కూడా దీన్ని తియ్యనేదు," అంది గంగాభవాని కళ్ళు మూసుకునే. "మెల్లిగా తియ్యి. సిరిగిపోతే మళ్ళీ కుట్టడానికి ఇక్కడెవుడూ నేడు."

పుడక ఊడి వచ్చింది. దాని చోట చిన్న నల్లటి చుక్క మిగిలింది. పద్మిని దాని మీద తనకా కాస్త మందంగా రాసింది.

పడవ తాడు ముడి వేసుకుంటున్న బుల్లియ్య, గంగాభవాని తమ్ముడు, ఇదంతా చూస్తూ కూర్చున్నాడు. "మరి నాకే వేసమూ నేదేటి మేనకోడలా?" అన్నాడు.

"నువ్వు పడవ నడుపు మావా. మాటాడకు."

"అదీ నిజమే. పడవోడి మొకం ఎవుడు సూస్తాడు."

కాలవ గట్టు నుంచి మ స్వే కొత్త లుంగీ సవరించుకుంటూ వచ్చింది. మంచి మనిషి; తనకు దొరికిన పని చూసి తనకే మొహమాటంగా ఉంది. అతిథుల ముందు ఆవులను పిలవాల్సింది ఆమె కాబట్టి పద్మిని ఒకసారి పిలిచి చూడమంది. మ స్వే పచ్చిక గట్టు మీద నిలబడి, "లా, లా, లా," అని బర్మాలో పిలిచింది. ఆవులు తలెత్తి చూశాయి. మళ్ళీ గడ్డిలోకి ముఖాలు దించేశాయి. గొంతు పెంచి పిలిచింది. ఒక దూడ మాత్రం రెండడుగులు వేసి ఆగిపోయింది.

"అమ్మా, వాటికి కొంచెం అలవాటు చెయ్యకూడదేటి?"

"ఆవులకి బర్మా మాట నేర్పడానికి ఏ బడికి అంపమంటావే? అంపినా నీలాగ ఎనిమిదో కలాసులో మానిపించీకూడదు గదా," అంది గంగాభవాని. బుల్లియ్య పడవలో వెల్లకిలా పడి నవ్వాడు. పద్మిని కూడా నవ్వింది. నవ్వుతూనే చుట్టూ చూసింది, ఎవరైనా వింటున్నారేమోనని. పచ్చిక తప్ప ఎవరూ లేరు.

చివరకు ఏర్పాటు ఇలా కుదిరింది. అరుగు దగ్గర మ స్వే పిలుస్తుంది; సాల వెనక నుంచి గంగాభవాని తన గొంతుతో సన్నగా పిలుస్తుంది. పాలు పితికేటప్పుడు ఆవుకు ఒక పక్క అతిథి కూర్చుంటే, రెండో పక్క దూడను పట్టుకున్నట్టు గంగాభవాని కూర్చుంటుంది. ఆమె చెవి దగ్గర మాట్లాడితే తప్ప గౌరి పాలు చేపదు.

ఇక మిగిలింది సిరి. పద్మిని పిల్లను గడ్డివాము పక్కకు తీసుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

"అతిథులున్నంతసేపు అమ్మమ్మని అమ్మమ్మ అనకూడదు. బర్మావోళ్ళు పెద్దాడోళ్ళని పిలిచినట్టు డో గంగా అనాల. తెలుగు మాటాడకూడదు. సరేనా?"

"ఎందుకు?"

"ఆట."

"గెలిచీనట్టు ఎలా తెలుస్తాది?"

"వాళ్ళకెవరికీ తెలీకపోతే గెలిచినట్టే."

సిరి, "గెలిస్తే ఏటిస్తావు?" అని అడిగింది. తాటిబెల్లం ఇస్తానంది పద్మిని. పిల్ల చేయి చాపి తల్లి అరచేతిలో గట్టిగా కొట్టింది, ఒప్పందం అన్నట్టు.

*

వచ్చినవాళ్ళు ముగ్గురు: యాంగూన్‌లో కళ్ళద్దాల దుకాణం ఉన్న ఊ మ్యింట్, అతని భార్య, అతని తల్లి డో తిన్. డో తిన్ సన్నగా, నిటారుగా ఉంది. పడవలో బుల్లియ్య ఎదురుగా కూర్చుని దారంతా అతని చేతుల వంకే చూసింది. ఒడ్డు దిగేటప్పుడు బుల్లియ్య చేయి అందిస్తే పట్టుకుని, నవ్వి, అతని పేరు అడిగింది. బుల్లియ్య నోరు తెరిచి, పద్మిని వంక చూసి, ఏదో దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు.

మ స్వే అరుగు మీద నుంచి మింగలాబా అని స్వాగతం చెప్పింది. బాగా చెప్పింది. టీ పోసింది, కో టూన్ కొబ్బరిబోండాలు కొట్టాడు, ఊ మ్యింట్ భార్య వాళ్ళిద్దరినీ అరుగు మీద నిలబెట్టి ఫోటో తీసి ఆ క్షణమే ఎవరికో పంపాలని చూసింది. సిగ్నల్ లేదు. గట్టు ఎక్కితే వస్తుందని పద్మిని చెప్పింది. ఇంట్లోకి అడుగు పెడుతూ డో తిన్ గడప దగ్గర ఆగి, చెప్పులు విడిచి, చెక్క మీద లేతగా మిగిలిన పసుపు మరక మీద వేలు రాసి చూసుకుంది.

భోజనానికి చేపల పులుసు. వండింది గంగాభవాని, తెచ్చింది మ స్వే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని డో తిన్ నమలడం ఆపింది.

"ఈ వాసన నాకు తెలుసు. అహ్లోన్‌లో మా పక్కింట్లోంచి వచ్చేది. ఎవరు నేర్పారమ్మా నీకు?"

మ స్వే పద్మిని వైపు చూసింది. "మా అమ్మ," అంది.

తడికకు అవతల పొయ్యి దగ్గర గంగాభవాని ఇంకో పుల్ల లోపలికి తోసింది. ఆ చప్పుడు పద్మినికి వినిపించింది. పద్మిని అతిథులతోపాటు చాప మీద కూర్చుని తింటోంది. పక్కనే సిరి. పులుసు కారంగా ఉందేమో పిల్ల ముక్కు ఎగబీల్చి నాలుక బయటపెట్టింది. కళ్ళు అలవాటుగా తడిక వైపు వెళ్ళాయి, ఇలాంటప్పుడు మజ్జిగ గ్లాసుతో వచ్చే మనిషి కోసం. పిల్ల పెదవులు కలిసి విడివడబోతుంటే పద్మిని తానే ముందు గొంతు పెంచి బర్మాలో పిలిచింది.

"డో గంగా, నీళ్ళు."

పిలిచాక తెలిసింది, ఆ గొంతు ఎవరిదో. అహ్లోన్‌లో తాను ఇళ్ళలో పని చేసినప్పుడు తనను అలాగే పిలిచేవాళ్ళు.

గంగాభవాని తల వంచుకుని వచ్చింది. ముందు సిరికి, తర్వాత పద్మినికి గ్లాసు ఇచ్చింది. ఇస్తున్నప్పుడు కుడి మోచేతికి ఎడమ చేతి వేళ్ళు ఆనించింది, ఇక్కడి జనం పెద్దవాళ్ళకు వస్తువు అందించేటప్పుడు ఆనించినట్టు. ఆమెకు అలా చేయమని ఎవరూ చెప్పలేదు. పద్మిని గ్లాసు అందుకుంది.

సాయంత్రం పాలు పితకడానికి ఊ మ్యింట్ భార్య సరదాపడింది. లుంగీ కుచ్చెళ్ళు దోపుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని, మ స్వే చూపించినట్టు పొదుగు పట్టుకుంది. గౌరి కాలు మార్చి నిలబడింది. పాలు రాలేదు. మ స్వే పట్టి చూసింది. రాలేదు. ఊ మ్యింట్ నవ్వుతూ, "దీనికి సిటీవాళ్ళు నచ్చలేదు," అన్నాడు. అప్పుడు ఆవుకు అటు పక్కన దూడ పలుపు పట్టుకుని కూర్చున్న గంగాభవాని ఆవు పక్కటెముకలకు చెంప ఆనించింది. పెదవులు కదిలీ కదలనట్టు ఏదో అంది. పద్మినికి మాటలు వినబడకపోయినా తెలుసు: నా తల్లే, నా బంగారు కొండే, ఇయ్యి, పరాయోళ్ళు కారు, ఇయ్యి. గౌరి చెవి ఒకటి వెనక్కి తిరిగింది. పొదుగు నిండింది. పాలు సర్రుమని గిన్నెలో పడితే ఊ మ్యింట్ భార్య చిన్నపిల్లలా నవ్వింది.

డో తిన్ గిన్నె వైపు చూడడం లేదు. ఆవు కడుపు కింద నుంచి అవతల కనిపిస్తున్న రెండు పాదాలను చూస్తోంది.

పద్మిని సిరి భుజం గట్టిగా పట్టుకుని నిలబడింది. సిరి తలెత్తి తల్లిని చూసి పెదవులను రెండు వేళ్ళతో మూసి చూపించింది. నేను చెప్పలేదు కదా, అన్నట్టు.

*

మర్నాడు ఉదయం పొగమంచు ఇంకా విడలేదు. పద్మిని టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి బయటకు వచ్చేసరికి డో తిన్ శాలువా కప్పుకుని సాల వైపు నడిచి వెళ్తోంది. గంగాభవాని అక్కడ పేడ ఎత్తుతోంది. ఆమె పక్కనే సిరి గొంతుకు కూర్చుని దూడ నోటికి గడ్డిపోచలు అందిస్తోంది. మోకాళ్ళు దూరంగా, మడమలు నేలకు ఆనించి, గడ్డం మోకాలి మీద పెట్టి. గంగాభవాని కూడా అచ్చం అలాగే కూర్చుని ఉంది.

పద్మిని తడిక పక్కన ఆగిపోయింది. చేతిలో కెటిల్ మూత.

"మీ మనవరాలా?" అని అడిగింది డో తిన్. "ఇద్దరూ ఒకేలా కూర్చున్నారు. అందుకని అడిగాను."

గంగాభవాని చేతిలో పేడ తట్ట అలాగే ఆగింది. నోరు తెరిచింది. పద్మినికి ఒక్క క్షణం, తల్లి అవునంటే బాగుండునని అనిపించింది. అనేస్తే ఇక తన చేతుల్లో ఏమీ ఉండదు కదా.

కాని ముందు మాట్లాడింది సిరి. పొగమంచులో ఆ పిల్ల బర్మా మాట చాలా స్పష్టంగా వినిపించింది.

"కాదు, అఫ్వా. ఈమె మా పనామె. మాకేమీ కాదు. మా అమ్మమ్మ యాంగూన్‌లో పెద్ద ఇంట్లో ఉంటుంది. తెల్లగా ఉంటుంది."

అఫ్వా అంటే బర్మాలో అవ్వ. పరాయి మనిషిని ఆ పిల్ల తడుముకోకుండా అవ్వా అంది. పెద్ద ఇంటి సంగతి గాని, తెల్లటి అమ్మమ్మ సంగతి గాని పద్మిని నేర్పలేదు. అబద్ధానికి ఏం కలిపితే నమ్ముతారో పిల్ల తనంతట తనే కనిపెట్టింది.

గంగాభవాని తట్ట కింద పెట్టింది. సిరి వైపు చూడకుండా, డో తిన్ వైపు చూసి నవ్వింది.

"అవునమ్మా. సయామ గారి పిల్ల," అంది బర్మాలో. పద్మినిని సయామ అంది, టీచరమ్మను అన్నట్టు. మళ్ళీ తట్ట ఎత్తుకుని పేడదిబ్బ వైపు నడిచింది. అడుగు ఒక్కటీ తడబడలేదు. తిరిగి వచ్చి చీపురు తీసుకుని, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడవసాగింది.

డో తిన్ సిరి తలను వేళ్ళ చివర్లతో తాకి, ఇంటివైపు తిరిగింది.

సిరి పరిగెత్తుకుంటూ తడిక వెనక్కి వచ్చింది. తల్లి చెవి దగ్గర నోరు పెట్టి తెలుగులో గుసగుసగా అంది.

"అమ్మా, గెలిచీసినాను. బెల్లం ఇయ్యి."

పద్మిని బెల్లం డబ్బా మూత తీసింది. పిల్లకు ఇవ్వకుండా ఉండడానికి ఆమెకు ఏ కారణమూ దొరకలేదు. ముక్క విరిచి ఇచ్చింది. సిరి దాన్ని బుగ్గన పెట్టుకుని మళ్ళీ దూడ దగ్గరకు పోయింది. టీ నీళ్ళు పొంగి పొయ్యిలో పడి, బూడిద వాసన లేచింది.

*

ఎండ వచ్చాక అతిథులు బయలుదేరారు. అవతలి ఒడ్డున వాళ్ళ కారు వచ్చి ఆగి ఉంది. మ స్వే, కో టూన్ రేవు దాకా వచ్చారు. ఊ మ్యింట్ భార్య వాళ్ళతో ఇంకొన్ని ఫోటోలు దిగింది. డో తిన్ మాత్రం వెనక్కి వెనక్కి చూస్తోంది.

"ఆవులామెకు చెప్పి వెళ్దామనుకున్నాను."

"మేతకు తోలుకుపోయిందండీ," అంది పద్మిని. గంగాభవాని గడ్డివాము అవతల నిలబడి ఉంది. ఎండలో ఆమె నీడ ఇవతలికి పడుతోంది.

"పాలు పితికేటప్పుడు ఆవుతో మాట్లాడుతుంది చూశావా? నా చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. అహ్లోన్‌లో మా పక్కింటివాళ్ళు మాట్లాడిన మాటే అది." డో తిన్ పద్మిని ముఖంలోకి చూసింది. దబాయింపు ఏమీ లేదు. "నీకు వచ్చా ఆ మాట?"

బుల్లియ్య తెడ్డు నీళ్ళలో దింపి ఆగాడు.

"రాదండీ," అంది పద్మిని.

"పోనీలే." డో తిన్ చూపు పక్కకు తిప్పుకుంది, ఎదుటివాళ్ళ జాకెట్టు చిరుగు కనిపించినప్పుడు మంచివాళ్ళు తిప్పుకున్నట్టు. "ఆమెతో ఒక మాట చెప్పు. మళ్ళీ వస్తే ఆమె కోసం వస్తాను. నాతో కూర్చుని తినాలి. వెదురిల్లు చూడడానికైతే ఇంత దూరం రానక్కర్లేదు."

పడవ కదిలింది. బుల్లియ్య పద్మిని వైపు చూడలేదు. కాలవ మధ్యకు వెళ్ళేదాకా అతని వీపు మాత్రమే కనిపించింది.

గంట గడిచాక పద్మిని గట్టు ఎక్కేసరికి ఫోన్ మోగింది. కో థెట్ గొంతులో ఉత్సాహం. అవతలి ఒడ్డు చేరగానే ఊ మ్యింట్ భార్య ఫోటోలు పెట్టేసిందట, చాలామంది అడుగుతున్నారట, పైవాళ్ళకూ చూపించాడట. "ఆవులు ఉంటాయి, మ పద్మిని. కంటైనర్ల మాట ఇక లేదు."

పద్మిని గట్టు మీద కూర్చుండిపోయింది.

"ఒక్క సంగతి," అన్నాడతను. "ఆ పెద్దావిడ మాట్లాడింది నాతో. ఆవులామె ఎందుకు దూరంగా ఉందని అడిగింది. నాకూ అదే అనిపించింది. అరుగు మీద మీ అమ్మగారే కూర్చుంటారనుకున్నాను నేను. మీరు మ స్వేని తెచ్చారు. మీ అమ్మగారికి ఇష్టం లేదేమో అనుకుని ఊరుకున్నాను."

"పల్లె ముఖం కావాలన్నారు కదా మీరు."

"అన్నాను. ఆవిడ ముఖానికేం?"

కింద పచ్చికలో ఆవులు ఎండకు ఆవిరి వదులుతూ నిలబడి ఉన్నాయి.

"సరే, ఇప్పుడు మార్చలేం," అన్నాడు కో థెట్. "ఫోటోలు వెళ్ళిపోయాయి. ఇంటావిడ అంటే మ స్వే అని అందరికీ తెలిసిపోయింది. అదే సాగనివ్వండి."

ఆమె గట్టు దిగి వచ్చేసరికి గంగాభవాని అతిథుల పక్కలు ఎత్తి దుప్పట్లు దులుపుతోంది.

"ఏటన్నాడు?"

"ఆవులు ఉంటాయంట."

గంగాభవాని దుప్పటి గుండెలకు అదుముకుని అలాగే మంచం అంచున కూర్చుంది. కళ్ళు మూసుకుంది. తవుడు బస్తాల వైపు, గుడ్డలో చుట్టిన పటం వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "సాలు," అంది. "ఇంకేటీ వొద్దు."

మిగతాది చెప్పాలని పద్మిని నోరు తెరిచింది. డో తిన్ ఏమన్నదో, కో థెట్ ఏమన్నాడో. ముక్కుపుడక తియ్యక్కర్లేకపోయిందని. ఇదంతా ఎవరూ అడగలేదని, అడగకుండానే తాను ఇచ్చేసిందని. తల్లి ముఖంలో ఆ సంతోషం చూస్తూ ఒక్క మాటా చెప్పలేకపోయింది. దుప్పటి రెండో అంచు పట్టుకుని మడత పెట్టడానికి సాయం చేసింది.

పొద్దువాలే వేళకు గంగాభవాని అన్నం కలిపి పిలిచింది. "రాయే సిరమ్మా, బువ్వ తిందువుగానీ."

"వస్తున్నా, డో గంగా," అంది సిరి బర్మాలో, అరుగు మీద నుంచి.

పద్మిని తలెత్తింది. "అతిథులు ఎల్లిపోనారు. ఆట అయిపోయింది. అమ్మమ్మా అను."

సిరి తల అడ్డంగా ఊపింది. "మళ్ళీ వస్తారు కదా. ఇప్పుడంటే అప్పుడు తప్పు వచ్చీస్తాది."

"అనమన్నానా?"

"డో గంగా," అంది పిల్ల, ఇంకా మెల్లిగా, ఇంకా మర్యాదగా.

పద్మిని చేయి లేచింది. గంగాభవాని అన్నం కంచం పట్టుకునే మధ్యలోకి వచ్చింది.

"కొట్టకు. దానికి బాగా వొచ్చినాది, ఒగ్గీ. పిల్లముండకి ఓ దినం ఒకలాగ, ఓ దినం ఒకలాగ సెప్తే ఎలగ? ఆవులున్నాయి గదా. ఎలగ పిలిస్తే ఏటి, నాను పలకనేటి?"

కూర్చుని ముద్ద చేసింది. పిల్ల నోరు తెరిచింది. గంగాభవాని ముద్ద పెడుతూ, అలవాటు చేసుకోవాలనుకుందో ఏమో, బర్మాలోనే, "తినండి, చిన్నమ్మగారూ," అంది. సిరి పకపకా నవ్వింది. గంగాభవానీ నవ్వింది. వాళ్ళిద్దరికీ అది నిజంగానే ఆట. పద్మిని లేచి సాల దాకా వెళ్ళి, అక్కడ చేయడానికి పనేమీ లేక, ఖాళీ గాబు అంచు పట్టుకుని నిలబడింది.

*

ఇప్పుడు ఆ పచ్చికకు అతిథులు తరచుగా వెళ్తున్నారు. వాళ్ళను తీసుకువెళ్ళడానికి కంపెనీ వేరే అమ్మాయిని పెట్టింది. పద్మినే అలా పెట్టమని అడిగింది. సిరిని బడిలో వేశామని, తీసుకురావడానికి మనిషి లేరని చెప్పింది. అహ్లోన్‌లో ఇంటి నుంచే ఫోన్‌లో బుకింగులు చూస్తుంది. "ఇంటావిడ చేతి చేపల పులుసు తప్పక తినండి" అని అందరికీ రాస్తుంది. బుల్లియ్య గట్టు ఎక్కి ఫోన్ చేసినప్పుడు అక్కకు ఇస్తాడు. గంగాభవాని బర్మాలో మాట్లాడుతుంది. పక్కన ఎవరున్నారని పద్మిని అడుగుతుంది. ఎవరూ లేరంటుంది, అదీ బర్మాలోనే. బాగున్నాను, గౌరి మళ్ళీ చూలుతో ఉంది, పాపను బాగా చదివించండి, అంటుంది. పద్మిని తెలుగులో ఏదో అనబోయేసరికి సిగ్నల్ పోతుంది. కొన్నిసార్లు సిగ్నల్ పోకపోయినా పద్మినే పెట్టేస్తుంది.

ఇది చదివినవాళ్ళలో ఎవరైనా ఈ చలికాలం అటు వెళ్తే ఒక పని చేసిపెట్టండి. అరుగు మీద మిమ్మల్ని పలకరించే ఆమె మంచిదే, ఆమె ఇచ్చే టీ తాగండి. తాగాక ఇల్లు చుట్టి వెనక్కి, సాల దగ్గరకు వెళ్ళండి. అక్కడ బుగ్గలకు తనకా రాసుకున్న ఒక ముసలామె ఉంటుంది. అన్నం తిన్నావా గంగమ్మా అని అడగండి. ఒంట్లో బాగుందా, చలికి కప్పుకోవడానికి ఉందా అని అడగండి. ఆమె తల వంచుకుని బర్మాలో జవాబు చెబుతుంది. అక్కడితో వచ్చేయకండి. పక్కన కూర్చుని, మళ్ళీ తెలుగులో అడగండి.